చేతుల మీద మచ్చలతో తరంగం ఆడొచ్చా?

ప్రశ్న: మేడమ్, నాకు 26 ఏళ్ళు. ఎనిమిదో ఏట నుంచి కూచిపూడి నేర్చుకున్నాను. ఇంటర్‌లో ఉండగా వేళ్ళ మీద, ముంజేతుల మీద బొల్లి మచ్చలు మొదలయ్యాయి. అంతే, గజ్జెలూ, కృష్ణుడి పాటకి ఎక్కి తరంగం ఆడే ఇత్తడి పళ్ళెమూ అటకెక్కాయి. ఎండాకాలంలో కూడా ఫుల్ హ్యాండ్స్‌తోనే ఆఫీసుకి వెళ్తాను. ఈసారి మా అపార్ట్‌మెంట్ వినాయక చవితికి తరంగం చెయ్యమని అడిగారు. చెయ్యాలని ప్రాణం కొట్టుకుంటోంది. అమ్మేమో ‘సంబంధాలు చూస్తున్నాం, వీడియోలు ఎవరెవరి ఫోన్లలోకి వెళ్తాయో, ఇప్పుడు అవసరమా’ అంటోంది. అందరి కళ్ళూ నా చేతుల మీదే ఉంటాయని నాకూ టెన్షన్. మచ్చలు కాస్త తగ్గాక చేస్తే మంచిదా? – ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: నీకు రెట్టింపు వయసున్నదాన్ని, నువ్వు అనే అంటాను. ముందు ఆ చివరి ప్రశ్న సంగతి చూద్దాం, తొమ్మిదేళ్ళూ దాని మీదే గడిచిపోయాయి కాబట్టి. ముఖం, మెడ మీది మచ్చలకి మందులు, నారోబ్యాండ్ యూవీబీ కిరణాల చికిత్స చాలామందికి బాగానే పనిచేస్తాయి కానీ వేళ్ళ మీద రంగు తిరిగి రావడం కష్టం, వచ్చినా నెలల తరబడి పడుతుంది. చర్మ డాక్టర్ని కలువు, థైరాయిడ్ పరీక్ష కూడా చేయించుకో, ఈ రెండూ కలిసి రావడం మామూలే. వైద్యం మానెయ్యమనడం లేదు, దానికీ చవితికీ ముడి పెట్టొద్దంటున్నా.

మా పెద్దమ్మకీ మెడ మీద ఇవే మచ్చలు. చేపలు తిని పాలు తాగిందని ఒకరు, సర్పదోషమని ఒకరు, పాపం ఆవిడ ఎన్ని గుళ్ళు తిరిగిందో! మన రక్షణ వ్యవస్థే పొరపాటున చర్మానికి రంగునిచ్చే కణాల మీద దాడి చెయ్యడం వల్ల వచ్చేది ఇది, ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. అయినా మనం నోరు విప్పకపోతే జనం కథలు అల్లుకుంటారు. మైకేల్ జాక్సన్ 1993లో టీవీలో తన జబ్బు గురించి చెప్పేదాకా ఆయన కావాలనే తెల్లబడుతున్నాడని ఎంతమంది అనుకోలేదూ?

ఇక కళ్ళ సంగతి. ‘యతో హస్తస్తతో దృష్టిః’ అని మీ మాస్టారు ఎన్నిసార్లు చెప్పి ఉంటారో! చెయ్యి ఎటు పోతే చూపు అటు పోవాలి. అది చూసేవాళ్ళకి చెప్పిన మాట కాదు, ఆడేవాళ్ళకి. నీ చూపు నీ చేతితో పాటు వెళ్తే జనానికి అక్కడ కృష్ణుడు కనిపిస్తాడు. నువ్వు చెయ్యి తిప్పి ‘ఎవరైనా చూశారా’ అని జనం వైపు దొంగచూపు చూశావో, అప్పుడు కనిపించేవి మచ్చలే. (తరంగంలో సగం మంది పళ్ళెం మీది కాళ్ళ దగ్గరే ఆగిపోతారులే, అదో సౌకర్యం.) మేకప్ వేసుకోవాలనిపిస్తే వేసుకో, తప్పేం లేదు, కాకపోతే చెమటకి కారుతుందేమోనన్న దిగులు కూడా నీతో పాటు పళ్ళెం ఎక్కుతుంది.

అమ్మ భయం అబద్ధం కాదు, మన పెళ్ళిచూపుల సంగతి నాకు తెలియనిదా. కానీ పెళ్ళయ్యాక ఎలాగూ తెలిసే విషయం ఇది. బయోడేటా పంపినప్పుడే చెప్పండి, వెనక్కి తగ్గేవాళ్ళు ఫోన్‌లోనే తగ్గిపోతారు, మీకు టీ, బిస్కెట్ల ఖర్చు మిగులుతుంది. ఆ వీడియో చూసి కూడా వచ్చినవాడితో అయితే మాట్లాడొచ్చు.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకో, తొమ్మిదేళ్ళు దాచిన చేతుల్ని మొదటిసారే స్టేజీ మీద బయటపెట్టకు. సోమవారం పొట్టి చేతుల కుర్తీతో ఆఫీసుకి వెళ్ళు. మచ్చల మీద ఎండ తొందరగా కాలుతుంది, సన్‌స్క్రీన్ రాసుకో. ఎవరైనా అడిగితే ‘బొల్లి, అంటుకోదు’ అని చెప్పి నీ పని చూసుకో. మొదటి రోజు ఇద్దరో ముగ్గురో అడుగుతారు, గురువారానికి వాళ్ళ గొడవల్లో వాళ్ళుంటారు. ఈలోపు అటక మీంచి ఆ పళ్ళెం దింపు. ఇన్నేళ్ళకి నల్లబడి ఉంటుంది, చింతపండు, ఉప్పు వేసి తోము. సాధన రోజుకి అరగంటతో మొదలుపెట్టు, మడమలు కూడా తొమ్మిదేళ్ళుగా ఖాళీగా ఉన్నాయి మరి.