డ్రిఫ్ట్ ఛాంబర్ హై వోల్టేజీని ఏఐకి అప్పగించే ముందు పరీక్షను ఎలా ప్లాన్ చేయాలి?

డ్రిఫ్ట్ ఛాంబర్ అంటే వాయువు నింపి, హై వోల్టేజీ తీగలు అమర్చిన కణ డిటెక్టర్. వాతావరణ పీడనం పెరిగితే ఛాంబర్‌లోని వాయువు చిక్కబడి గెయిన్ (సిగ్నల్ ఎన్ని రెట్లు పెరుగుతుందనే కొలత) తగ్గుతుంది, ఉష్ణోగ్రత పెరిగితే గెయిన్ పెరుగుతుంది. ఏఐ ఈ మార్పును ముందే అంచనా కట్టి వోల్టేజీ సవరించాలి.

మొదటి పరీక్ష బీమ్ (యాక్సిలరేటర్ నుంచి వచ్చే కణాల ధార) లేకుండా, అంతరిక్షం నుంచి సహజంగా వచ్చే కాస్మిక్ కిరణాలతోనే పెట్టండి. సగం తీగలు ఏఐ చేతిలో, మిగతా సగం స్థిర వోల్టేజీలో. రెండింటికీ ఒకే వాతావరణం కాబట్టి పోలికలో పేచీ ఉండదు. అమెరికాలోని జెఫర్సన్ ల్యాబ్‌లో గ్లూఎక్స్ ప్రయోగపు డ్రిఫ్ట్ ఛాంబర్‌కు ఇలాగే చేశారు. పరీక్షకు ముందు రెండు సగాలనూ ఒకే వోల్టేజీలో నడిపి, వాటి మధ్య సహజంగా ఉన్న తేడా రాసిపెట్టుకోండి. పీడనం బాగా మారే రోజులు పరీక్షలో లేకపోతే ఫలితానికి అర్థం లేదు.

మోడల్‌గా గాసియన్ ప్రాసెస్ అనే గణాంక పద్ధతి మేలు: అంచనాతోపాటు అనిశ్చితినీ ఇస్తుంది. అనిశ్చితి హద్దు దాటితే వోల్టేజీని కదపకూడదు. కనిష్ఠ, గరిష్ఠ వోల్టేజీలు, ఒక్కో అడుగు పరిమాణం ఏఐకి అందని చోట, కంట్రోల్ సిస్టమ్‌లోనే బిగించండి.

అసలు ప్రమాదం బారోమీటర్ రీడింగ్ ఒకే అంకె దగ్గర నిలిచిపోవడం. చూడ్డానికి అంతా బాగానే ఉంటుంది. అందుకే విలువతోపాటు టైమ్‌స్టాంప్‌నూ తనిఖీ చేసి, పాతబడితే స్థిర వోల్టేజీకి తిప్పాలి.

బీమ్ వచ్చాక తీగల్లో కరెంటు పెరిగి గెయిన్ పడిపోవచ్చు. కాస్మిక్ డేటా మాత్రమే చూసిన మోడల్‌కు ఆ సంగతి తెలియదు, దానికి మళ్లీ శిక్షణ తప్పదు.