నార్కో సీన్ దగ్గర ఆగిన కథకి

గతం మరిచిన హీరో, మంత్రి హత్య, నార్కో పరీక్ష (మత్తుమందు ఇచ్చి ప్రశ్నలడిగే పరీక్ష) ఉన్న మీ కథ ముందుకు కదలట్లేదన్నారు. అది ఆగింది మతిమరుపు వల్ల కాదు, నార్కో సీన్ వల్ల. గతం మరిచిన హీరోని బెంగళూరు పోలీసులు నేరుగా మత్తు సూది దగ్గరికి లాక్కెళ్లి మంత్రి హత్య గుట్టు రాబట్టలేరు.

1. సమ్మతి. అందరూ వదిలేసేది ఇదే. బలవంతపు నార్కో చెల్లదని 2010లో సెల్వి వర్సెస్ కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. లాయరు అందుబాటులో ఉండాలి, మేజిస్ట్రేటు ఎదుట సమ్మతి నమోదవ్వాలి. తను హంతకుడో కాదో తెలియని మనిషి, తెలుసుకోవాలనే సంతకం పెడతాడు. సస్పెన్సంతా అక్కడే, తొందరపడి దాటేయకండి.

2. మత్తులో చెప్పింది సాక్ష్యం కాదు. కానీ ఒప్పుకుని చేయించుకున్న పరీక్ష వల్ల దొరికిన తుపాకీ సాక్ష్యంగా పనికొస్తుంది.

3. మత్తులో ఊహలూ దొర్లుతాయి. కుట్రదారులు నూరిపోసిన అబద్ధమే అతని నోట పలికించండి.

4. గతం మరిచినా, తుపాకీ విప్పి బిగించడం చేతులు మరిచిపోవు. దానికి వేరే వివరణ అక్కర్లేదు.