ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి వాళ్లకి శ్రీకాకుళంలో ఆరోగ్యశ్రీ చెల్లుతుందా?

చెల్లదు. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ) ఖర్చు ఆంధ్ర ఖజానాది, అందుకే అక్కడి కార్డున్నవాళ్లకే. 2007 ఏప్రిల్‌లో అది మొదలైన మూడు జిల్లాల్లో మీ పక్కనున్న శ్రీకాకుళం ఒకటి. ఏడాదిన్నర లోపే రాష్ట్రమంతా విస్తరించి, సరిహద్దు దగ్గర ఆగింది.

మీకు పనికొచ్చేది ఒడిశాలో 2025 ఏప్రిల్‌లో మొదలైన ఆయుష్మాన్–గోపబంధు కార్డు. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్లకి అదనంగా మరో 5 లక్షలు. ఆయుష్మాన్ జాబితాలో ఉన్న ఆసుపత్రయితే పొరుగు రాష్ట్రంలోనూ చూస్తారు; ఆ జబ్బుకి అనుమతి ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

చిక్కంతా పేర్ల దగ్గరే. రేషన్ కార్డులో ఒడియా ఉచ్చారణ, ఆధార్‌లో తెలుగు ఉచ్చారణ ఉంటే ఈ-కేవైసీ (ఆధార్‌తో వివరాలు సరిచూడటం) ఆగిపోవచ్చు. జబ్బు చేయకముందే సరిచేయించుకోండి. ఓపీ (ఆసుపత్రిలో చేరకుండా చూపించుకునే) ఖర్చులు మాత్రం ఈ కార్డు కింద రావు.