షోలో మెరిసే కార్లు కాదు, పట్టా మీద పరిచిన పాత సామాన్లు చూడండి

ప్రశ్న: హన్మకొండలో ఉంటాను. తాతగారి పాత అంబాసిడర్ ఇంట్లోనే ఉంది, బాగు చేయించాలని ఆశ. మే నెలలో హైదరాబాద్ దగ్గర పాత స్పోర్ట్స్ కార్ల షో, దాని పక్కనే పాత పార్టుల సంత పెడుతున్నారట. అంత ఎండలో పోవడం అవసరమా? పోతే ఏం చూసుకోవాలి?

పోండి. అయితే షో కోసం కాదు, సంత కోసం.

షోలో కార్ల చుట్టూ తాడు కడతారు, బానెట్ తెరవరు, మైకులో సినిమా పాటలు ఆపరు. ఎంజీ అనగానే హెక్టర్ గుర్తొచ్చేవాళ్లు పాత ఎంజీ స్పోర్ట్స్ కారు ముందు నిలబడి సెల్ఫీలు దిగుతుంటారు. యజమానిని "ఇంజన్ తల తీసి కవాటాలకు గట్టి సీట్లు వేయించారా?" అని అడిగితే పాలిష్ ఏ కంపెనీదో చెబుతాడు. అరగంట చూస్తే చాలు.

"నాది అంబాసిడర్, స్పోర్ట్స్ కార్ల సామాన్లతో నాకేం పని" అనుకోవద్దు. మీ బండిలో పాత 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ ఉంటే అది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వాళ్ల బి-సిరీస్ ఇంజన్. 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారులో ఉన్నదీ అదే 1489. బోరు 73.025 మి.మీ., స్ట్రోక్ 88.9 మి.మీ. ఎంజీ వాళ్లు రెండు ఎస్‌యూ కంపెనీ కార్బరేటర్లు పెట్టి పరుగెత్తించారు, మన దగ్గర ఒక్క సోలెక్స్ కార్బరేటర్‌తో పెళ్లిళ్లకు, కలెక్టరాఫీసులకు తిప్పారు. తర్వాత వచ్చిన 1800 ఐసుజు ఇంజన్ అయితే ఈ చుట్టరికం లేదు. బయలుదేరే ముందే బానెట్ ఎత్తి ఏ ఇంజనో చూసుకోండి.

హన్మకొండలో తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరితే జనగామ, భువనగిరి, ఘట్‌కేసర్ మీదుగా ఎనిమిదిలోపు చేరతారు. పొద్దున్నే పోతే బోణీ బేరం కలిసొస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, కొలతలు తప్పవు. ఎండకు అల్యూమినియం సాగుతుంది. నీడలో ఉన్నదానికంటే 20 డిగ్రీలు వేడెక్కితే 73 మి.మీ. పిస్టన్ సుమారు 0.034 మి.మీ. పెరుగుతుంది. అంటే ఒక థౌ (అంగుళంలో వెయ్యో వంతు) కంటే ఎక్కువే. పిస్టన్‌కీ బోరుకీ మధ్య వదిలే సందు కూడా ఆ లెక్కలోనే ఉంటుంది. పదకొండింటికి పట్టా మీద చెయ్యి పెట్టలేనంత కాలుతున్న పిస్టన్‌ను కొలిచి "సైజు సరిపోయింది" అనుకుంటే, ఇంటికొచ్చాక అది వదులుగా తేలుతుంది. కొలవాల్సిన వస్తువును అరగంట నీడలో ఉంచమని అడగండి. ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనకండి.

అంబాసిడర్‌లోనే పోదామనుకుంటే మే నెల మధ్యాహ్నం ఆ పని చేయొద్దు. ఏసీ కంపెనీ పెట్రోలు పంపు ఇంజన్ బ్లాకుకే బిగించి ఉంటుంది. ఆ వేడికి పంపులోనే పెట్రోలు ఆవిరై బండి ఆగిపోతుంది. తడిగుడ్డ చుట్టి పది నిమిషాలు ఆగితే మళ్లీ కదులుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది కాబట్టి ఈ బెడద ఎక్కువే. పైగా పాత రబ్బరు గొట్టాలు, కార్కు గ్యాస్కెట్లు ఇథనాల్‌కు ఉబ్బి పగుళ్లిస్తాయి. ఏ మరమ్మతూ చేయించకపోయినా పెట్రోలు గొట్టాలు మాత్రం ఇథనాల్‌ను తట్టుకునే జె30 ఆర్9 రకంవి వేయించండి. రేడియేటర్ మూతను కూడా చాలామంది పట్టించుకోరు. 7 పౌండ్ల ఒత్తిడి ఆపే మూత సరిగ్గా బిగిస్తే నీళ్లు దాదాపు 110 డిగ్రీల దాకా మరగవు. స్ప్రింగు చచ్చిన మూతతో 100కే పొంగుతాయి.

సంచిలో 150 మి.మీ. వెర్నియర్, మరల గేజి (థ్రెడ్ గేజి), ఫీలర్ గేజి, ఒక అడుగు ఉక్కు స్కేలు, టార్చి, చిన్న సీసాలో కిరసనాయిలు, సుద్దముక్క, పాత గుడ్డలు, నూలు చేతితొడుగులు పెట్టుకోండి. అన్నిటికంటే ముఖ్యం మీ బండి నుంచి విప్పిన పాత పార్టుల కొలతలు రాసిన పుస్తకం. ఫొటోలు సరిపోవు. ఫొటోలో అన్ని కార్బరేటర్లూ ఒకేలా ఉంటాయి.

ఇక అసలు సంగతి. ఒక పట్టా మీద ఎస్‌యూల జత ఉంది. అమ్మే అతను "గివి ఎంజీవే అన్నా, ఒరిజినల్ లండన్ మాలు. కండ్లు మూసుకుని బిగించుకో" అంటాడు. మీరు కళ్లు తెరిచే బిగించుకోవాలి.

మొదట గొంతు వ్యాసం కొలవండి. ఒకటిన్నర అంగుళం, అంటే 38 మి.మీ. ఉండాలి. ఒకటింపావు అంగుళంవి చిన్న ఇంజన్లవి, అవి వద్దు. తర్వాత పైనున్న డ్యాంపర్ మూత తీసి, గాలి వచ్చే వైపు నుంచి కార్బరేటర్ లోపలి పిస్టన్‌ను వేలితో పైకెత్తి వదలండి. ఎక్కడా ఆగకుండా జారి కింద టక్కుమని తగలాలి. మధ్యలో చిక్కితే మూడు కారణాలుండొచ్చు: పాత జిడ్డు, వంగిన నీడిల్ (పిస్టన్ కింద ఉండే సూది), ఆ సూది దిగే జెట్టు నడిమధ్యలో లేకపోవడం. ఈ మూడూ బాగుపడేవే. జెట్టు నట్టు వదులు చేసి మధ్యకు తెచ్చి మళ్లీ బిగిస్తారు. బాగుపడనిది వేరే ఉంది. పిస్టన్, దాని పైన గోపురంలా ఉండే సక్షన్ ఛాంబర్ ఫ్యాక్టరీలో జతగా చేసినవి. రెండు కార్బరేటర్లను ఒకేసారి విప్పి కడిగినప్పుడు అవి తారుమారవుతుంటాయి. అనుమానం వస్తే స్ప్రింగు తీసేసి, పిస్టన్‌లోని రంధ్రాలు మూసి, ఛాంబర్‌లో పెట్టి తలకిందులు చేయండి. పిస్టన్‌ను పట్టుకుని ఛాంబర్‌ను వదిలితే ఈ సైజు కార్బరేటర్‌లో అది 5 నుంచి 7 సెకన్లలో దిగాలి. దభీమని పడిందంటే జత మారింది లేదా అరిగింది. పక్కన పెట్టేయండి.

తర్వాత థ్రాటిల్ కడ్డీని చివర పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. గోరు కింద కదలిక తెలిసిందంటే అక్కడ గాలి పీలుస్తుంది. ఎన్ని మరలు తిప్పినా ఐడిల్ నిలవదు. లేత్ షాపులో ఇత్తడి బుష్ వేయిస్తే పోతుంది, కానీ ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగాలి. నీడిల్‌కు ఒకవైపే మెరుపు ఉంటే జెట్టు కోడిగుడ్డులా సాగిపోయిందని అర్థం. నీడిల్, జెట్టు రెండూ కొత్తవి కావాలి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా, మ్యానిఫోల్డ్ (కార్బరేటర్‌ను ఇంజన్‌కు కలిపే గొట్టం) లేకుండా జత కొనొద్దు. మీ సోలెక్స్ మ్యానిఫోల్డ్ మీద రెండు ఎస్‌యూలు కూర్చోవు. మ్యానిఫోల్డ్, రెండు థ్రాటిళ్లను కలిపే కడ్డీ, వేడి తగలకుండా అడ్డం పెట్టే రేకు వేర్వేరుగా వెతకాలంటే కార్బరేటర్ల కంటే వాటికే ఎక్కువ తిరగాలి. బిగించాక డ్యాంపర్‌లో 20 గ్రేడ్ ఆయిల్ పోయాలి. చేతికందిన గేర్ ఆయిల్ పోస్తే పిస్టన్ ఆలస్యంగా లేచి బండి మొద్దుబారుతుంది.

మరల విషయంలో మోసపోని వాడు లేడు. ఎంజీఏలో, అంబాసిడర్‌లో అంగుళం కొలతల మరలు, ఎక్కువగా యూఎన్ఎఫ్ (అంగుళం కొలతల్లో సన్న మర). 5/16 అంగుళం బోల్టు 7.94 మి.మీ., మెట్రిక్ 8 బోల్టు 8 మి.మీ. కంటికి రెండూ ఒకటే. కానీ 5/16 యూఎన్ఎఫ్‌కు అంగుళానికి 24 మరలు, మెట్రిక్ 8కి సుమారు 20. ఒకటి రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది. "కొంచెం బలంగా తిప్పు అన్నా" అంటాడు. తిప్పారో, అల్యూమినియం మర ఊడి చేతికొస్తుంది. పానాలదీ ఇదే కథ. అర అంగుళం నట్టుకు 13 నంబరు పడుతుంది కాబట్టి అన్నింటికీ మన పానాలు చాలనుకుంటారు. 9/16 నట్టు 14.3 మి.మీ. దానికి 14 ఎక్కదు, 15 వేస్తే మూలలు గుండ్రమవుతాయి.

సిలిండర్ హెడ్డు (తల) కొనేటప్పుడు కవాటాల సీట్ల మధ్య పగుళ్లు చూడాలి. బి-సిరీస్ తలలకు అక్కడే తెగులు. ఆ భాగాన్ని తుడిచి కిరసనాయిలు రాసి, రెండు నిమిషాలాగి పొడిగా తుడిచి, సుద్ద రుద్దండి. పగులుంటే లోపలికి దిగిన కిరసనాయిలు తెల్ల సుద్ద మీద సన్నని తడి గీతలా పైకొస్తుంది. స్కేలును అంచు మీద నిలబెట్టి పొడవునా, మూలల నుంచి మూలలకూ పెట్టి కింద 0.05 మి.మీ. ఫీలర్ దూరుతుందేమో చూడండి. దూరితే ఫేసింగ్ (మిషన్ మీద చదును) చేయించాలి. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయింది. అంతకు ముందటి తలల్లో సీట్లు మెత్తటి పోత ఇనుములోనే కోసి ఉంటాయి, వాటిని అరగకుండా కాపాడింది ఆ సీసమే. గట్టి సీట్లు వేయించని తల అయితే వేయించే ఖర్చు కలుపుకొనే బేరమాడండి. ఎంజీఏ తర్వాతి కారు ఎంజీబీ క్రాంకు చవకగా వస్తే ఆశపడొద్దు. అది 1798 సీసీది, 1964 చివరి నుంచి అయిదు బేరింగులది. మీ బ్లాకులో ఉన్నవి మూడు.

అసలు సంతలో ఏం కొనాలంటే నా లెక్క వేరు. ఇంజన్ సామాన్లు కొంచెం తిరిగితే రాణిగంజ్‌లోనో, చెన్నై పుదుపేటలోనో దొరుకుతాయి. దొరకనివి వెనక లైట్ల లెన్సులు, క్రోమ్ బీడింగు, తలుపు పిడులు, మీటర్ల అద్దాలు, గ్రిల్లు. ఏ లేత్ షాపూ లెన్సు చేసి ఇవ్వదు. అవి కనిపిస్తే ముందు అవే కొనండి. కొనకూడనివి పాత రబ్బరువి. "డబ్బా కూడా విప్పలేదు" అని చూపే బ్రేక్ గొట్టం ఆ డబ్బాలోనే గట్టిపడి ఉంటుంది. బ్రేకు మాస్టర్ సిలిండర్ కొంటే లోపల గోరుతో గీకండి. గుంటలు తగిలితే కొత్త వాషర్లు వేసినా కారుతుంది.

మీకు పనికిరాదు గానీ, సంతలో స్టాండర్డ్ హెరాల్డ్ ముందు సస్పెన్షన్ ముక్కలు తప్పకుండా కనిపిస్తాయి. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ పుట్టింది ఆ ఛాసిస్ నుంచే కాబట్టి వాటికి గిరాకీ. చక్రాన్ని మోసే నిలువు కడ్డీ కింద తిరిగే కంచు కీలు (ట్రనియన్)లో ఈపీ 90 గేర్ ఆయిల్ పోయాలి. మన మెకానిక్కులు గ్రీజు కొట్టారు. లోపల మర తుప్పు పట్టి, తిరుగుతున్నప్పుడే నిలువు కడ్డీ విరిగి చక్రం పడిపోతుంది. తెలిసినవాళ్లెవరైనా కొంటుంటే ఆ కింది మర చూడమని చెప్పండి. తీగల (స్పోక్) చక్రాలైతే లోపలి పళ్లు మొనదేలాయేమో చూడాలి. మొనదేలితే హబ్బు మీద జారతాయి. వాటి మధ్య నట్టు మర కుడివైపుకీ ఎడమవైపుకీ వ్యతిరేకంగా ఉంటుంది, నాలుగూ ఒకే వైపువి అంటగడతారు.

బేరంలో "మొత్తం ఎంతిస్తావు" అని అడగొద్దు. ఒక్కో లోపం చూపించి, దానికి లేత్ షాపులో ఎంతవుతుందో చెప్పి తగ్గించండి. "కొలిచి చూస్త అన్నా" అని వెర్నియర్ తీయగానే సగం మంది ధర తగ్గిస్తారు. నగదు దగ్గర పెట్టుకోండి, అంత జనంలో నెట్‌వర్క్ అందదు.

బ్లాకు కొంటే మాత్రం కాగితం లేకుండా కదలొద్దు. దాని మీద నంబరు ఉంటుంది, మీ ఆర్సీలో వేరే నంబరు ఉంటుంది. అమ్మినవాడి సంతకం, గుర్తింపు కార్డు నకలు తీసుకుని ఆర్టీఏలో మార్పు రాయించాలి. గీకేసిన నంబరున్న బ్లాకు ఉచితంగా ఇచ్చినా వద్దు. ఏపీ 36 పాత నంబరు పలకలు కూడా అమ్ముతుంటారు, వరంగల్ జ్ఞాపకమని మురిసిపోయి బండికి బిగించకండి.

ఇంకొకటి. మీ తాతగారి బండి మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటితే 2021 నిబంధనల ప్రకారం వింటేజ్‌గా నమోదు చేయించొచ్చు. కొత్త నమోదుకు రుసుము 20,000, పదేళ్లు చెల్లుతుంది, నంబరులో వీఏ అక్షరాలొస్తాయి. ఆ తర్వాత బండిని రోజువారీ తిప్పడానికి లేదు. ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదన్నది ఇంకో షరతు. అందుకని ఎస్‌యూల జత దొరికినా సరే, పాత సోలెక్స్‌నీ దాని మ్యానిఫోల్డ్‌నీ అక్కడే మార్పిడికి ఇచ్చేయకండి. కడిగి, నూనె రాసి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టండి.