వలస వెళ్ళేవారి వైద్యం చదవాలంటే

ప్రశ్న: మాది కోస్గి దగ్గర పల్లె. ముంబైలో సెంట్రింగ్ పని చేస్తూ టీబీ మందులు మొదలుపెట్టాను. రెండు నెలలకు దసరాకని ఊరికి వచ్చి మానేస్తే జబ్బు తిరగబెట్టింది. మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాలలో ఎంబీబీఎస్ మూడో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి ట్రావెల్ మెడిసిన్ వైపు వెళ్తానంటోంది. అది విమానాలెక్కేవారి కోసమని బంధువులంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ బంధువుల మాటలో సగమే నిజం. ఆఫ్రికా దేశాలకు వెళ్ళేవారికి ఎల్లో ఫీవర్ టీకా, హజ్ యాత్రికులకు మెనింజైటిస్ టీకా వేయడం ఈ విద్యలో ఒక భాగం. అయితే మనిషి ఎక్కడి నుంచి ఎక్కడికి కదిలాడు, దారిలో ఏ జబ్బు అంటుకుంది, ఏ చికిత్స మధ్యలో తెగిపోయింది అని ఆరా తీయడమే దీని అసలు పని. ఆ లెక్కన ముంబై, పుణె బస్సెక్కే పాలమూరు కూలీకి దీని అవసరం ఎంతో ఉంది.

మీ సంగతే చూడండి. మామూలు టీబీకి కనీసం ఆరు నెలలు మందులు వాడాలి. గుంపు మేస్త్రీ కదలమన్న రోజున కదలక తప్పని మనిషికి, వెళ్ళిన చోట మందులు ఎక్కడ ఇస్తారో చెప్పి, నిక్షయ్ నంబరు (ప్రభుత్వ టీబీ రిజిస్టరులో రోగికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) చీటీ మీద రాసి చేతిలో పెట్టే వైద్యుడు కావాలి. ఒడిశా నుంచి ఇటుక బట్టీకి వచ్చిన కుటుంబంలో పిల్లకు చలిజ్వరం వస్తే, "ఏ ఊరి నుంచి వచ్చారు, ఎన్నాళ్ళయింది?" అని అడగని డాక్టరు ఫాల్సిపేరం రకం మలేరియాను గుర్తించలేకపోవచ్చు. అది రోజుల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది.

ఇక చదువు విషయం. నీట్ పీజీ రాసి జనరల్ మెడిసిన్‌లో మూడేళ్ళ ఎండీ, ఆపై నీట్ ఎస్ఎస్ (సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష) ద్వారా మూడేళ్ళ డీఎం ఇన్ఫెక్షియస్ డిసీజెస్ (అంటువ్యాధుల ప్రత్యేక చదువు) చేయడం నేను మొదట సూచించే దారి. ఊళ్ళ స్థాయిలో పనిచేయాలన్న కోరిక బలంగా ఉంటే ఎండీ కమ్యూనిటీ మెడిసిన్ (సామాజిక వైద్యం) మేలు. అంతర్జాతీయ ట్రావెల్ మెడిసిన్ సొసైటీ ధ్రువపత్ర పరీక్షను నర్సులు, ఫార్మసిస్టులు కూడా రాయవచ్చు. మీ అమ్మాయికి అది ఎండీ తర్వాత అదనపు అర్హతగా పనికొస్తుంది. లండన్, బ్యాంకాక్‌లలో ట్రాపికల్ మెడిసిన్ (ఉష్ణ దేశాల జబ్బుల వైద్యం) డిప్లొమాలు మంచివే కానీ, వాటి కోసం ఇప్పుడు భూమి అమ్మడానికి నేను ఒప్పుకోను.

ఎంబీబీఎస్‌లో ఉండగానే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వారి రెండు నెలల విద్యార్థి పరిశోధనకు దరఖాస్తు చేయించండి. వలస వెళ్ళినవారి టీబీ చికిత్స ఏ దశలో ఆగిపోతోందన్నది ఆమె ఎంచుకోదగిన అంశం. హిందీతో పాటు కాస్త ఒడియా నేర్చుకుంటే బట్టీల దగ్గర దుబాసీ అవసరం తగ్గుతుంది. మీ పాత మందుల కార్డు దాచి ఉంటే ఆమెకివ్వండి. ఏ తారీఖున మొదలైంది, ఏ తారీఖున ఆగిందీ ఆమె మొదట చదవాల్సింది అందులోనే ఉంది.