తుంటి ఎముక కోయించుకునే ముందు

తిరుపతి

నాయనా,

పైదవడలో వెనక రెండు పళ్ళు కట్టించుకోవడానికి దవడ ఎముక చాలదని, తుంటిలోంచి ఎముక తీసి వేయాలన్నారని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటినుంచి నాకు ఒకటే టెన్షన్. రెండు పళ్ళ కోసం అంతదాకా పోవాల్సి రావడం చాలా అరుదు. సంతకం పెట్టకముందే దవడను అన్ని వైపుల నుంచీ చూపించే సీబీసీటీ స్కాన్ తీయించు. మామూలు ఎక్స్‌రేలో ఎముక వెడల్పు తెలియదు. ఎముక ఎత్తు ఎన్ని మిల్లీమీటర్లు మిగిలిందో కూడా కాగితం మీద రాయించుకో. ఏ పద్ధతి అన్నది ఆ అంకెను బట్టే ఉంటుంది.

పైదవడలో వెనక పళ్ళ మీద సైనస్ అనే గాలి గది ఉంటుంది. పళ్ళు పోయిన కొద్దీ అది కిందికి దిగుతుంది. అయిదారు మిల్లీమీటర్ల ఎముక ఉంటే, దవడ పక్కన ఎముకలో కిటికీలా కోయకుండా, ఇంప్లాంట్ (పన్ను నిలబెట్టే మర) కోసం వేసే రంధ్రంలోంచే సైనస్ పొరను మెల్లగా పైకి లేపి ఎముక పొడి వేస్తారు. నాకు చేసింది ఇదే. నొప్పి తెలియలేదు గానీ, చిన్న సుత్తితో తడుతుంటే తలంతా అదిరింది. ఇప్పుడు ప్రత్యేకమైన డ్రిల్లుతోనో నీటి ఒత్తిడితోనో కూడా లేపుతున్నారు, అడుగు. ఒక్కోసారి పొట్టి ఇంప్లాంటే సరిపోతుంది, పొడి అక్కర్లేదు. రెండు మూడు మిల్లీమీటర్లే ఉంటే మాత్రం ఆ కిటికీ కోతే అవసరం కావచ్చు, చిన్న కోతే కావాలని మొండికేయొద్దు.

పొడి దేనితో చేసిందో ముందే అడుగు. ఎక్కువగా వాడేది పశువుల ఎముకను శుద్ధి చేసి తీసింది. మీ ఇంట్లో పట్టింపు ఉంది కాబట్టి చెప్తున్నా, కృత్రిమంగా చేసిన కాల్షియం ఫాస్ఫేట్ పొడి కూడా దొరుకుతుంది. నీ రక్తాన్నే మిషన్లో తిప్పి తీసే పీఆర్‌ఎఫ్ గాయం మానడానికి మంచిదే. పెద్ద లోటును అదొక్కటే పూడుస్తుందంటే నమ్మకు.

షుగర్ అదుపులోకి వచ్చాకే కుర్చీ ఎక్కు. సిగరెట్ మానెయ్, ఇందులో బేరం లేదు.

తర్వాత రెండు వారాలు ముక్కు చీదొద్దు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్ము, స్ట్రాతో తాగొద్దు. అలిపిరి మెట్ల మొక్కు తర్వాత తీర్చుకుందువు. సంగటి ఎటూ నమలక్కర్లేదు, చల్లార్చి పప్పుతో తిను, ఊరిబిండి జోలికి పోకు. తాగిన నీళ్ళు ముక్కులోంచి వస్తే వెంటనే డాక్టరుకు ఫోన్ చెయ్యి. ఎముక గట్టిపడేందుకు నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది, తొందరపెట్టకు.

కదులుతున్న ఆ కింది పన్ను పీకించేటప్పుడే గుంటలో పొడి వేయించుకోవచ్చేమో అడుగు. పన్ను పోయిన మొదటి మూడు నెలల్లోనే ఎముక ఎక్కువగా కరిగిపోతుంది.

స్కాన్ తీసుకుని బస్సెక్కి వచ్చెయ్. రేణిగుంట రోడ్డులో డెంటల్ కాలేజీ ఉంది, అక్కడ ఇంకోసారి చూపిద్దాం. నేనూ వస్తా.

మీ పెద్దమ్మ