అడవికి వెళ్తే తడి గరిటె ఇంట్లోనే వదిలేయండి

మూడు రోజులు అడవిలో టెంట్ వేసుకుని ఉంటే సాస్‌లు, చట్నీలు ఫ్రిజ్ లేకుండా ఎలా నిల్వ ఉంచాలని అడిగారు. మాది విశాఖపట్నం. ఏటా అనంతగిరి, పాడేరు కొండలకి వెళ్లి రెండు మూడు రాత్రులు ఉంటాం. నేను చెప్పేది ఒక్కటే: తడి ఉన్నదేదీ మోసుకెళ్లకండి. పాడు చేసేది ఎండ కంటే నీరే.

ఒక ఏప్రిల్‌లో ఇంట్లో రుబ్బిన కొబ్బరి చట్నీని స్టీలు డబ్బాలో బిగించి కారు డిక్కీలో పెట్టాం. శృంగవరపుకోటలో టీ తాగి, ఘాట్ ఎక్కి, మకాం చేరేసరికి మధ్యాహ్నమైంది. మూత తిప్పగానే బుస్సుమంది. పైన సన్నటి బుడగలు, పులిసిన వాసన. నేను పారబోయబోతే మా బావమరిది "ఏం కాదు బావా, పోపు వాసన బానే ఉంది" అని నాలుగు ఇడ్లీలకి వేసుకుని తినేశాడు. చీకటి పడేసరికి వాంతులు మొదలయ్యాయి. ఫోన్ సిగ్నల్ లేదు. లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపి, తెల్లారేదాకా గుక్క గుక్కగా పట్టించాను. ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు.

అప్పటి నుంచి మా సంచిలో ఆవకాయ, కందిపొడి, కరివేపాకు పొడి, నెయ్యి, తేనె మాత్రమే ఉంటాయి. ఆవకాయలో ఉప్పు, ఆవపిండి, పులుపు, పైన తేలే నూనె అన్నీ కలిసి కాపలా కాస్తాయి. కాకపోతే ఒకే పెద్ద సీసా వద్దు. రోజుకొకటి చొప్పున చిన్న సీసాల్లో సర్దండి, ముక్క మునిగేదాకా నువ్వుల నూనె పోయండి. వాగులో కడిగిన గరిటె తుడవకుండా ముంచారా, బూజుకి మీరే దారి ఇచ్చినట్టు. ఒక సీసా పోయినా మిగతావి దక్కుతాయి.

మయోనైజ్ తప్పదంటే ఒక్క పూటకి సరిపడే చిన్న ప్యాకెట్లే కొనండి, విప్పింది దాచకండి. పచ్చి వెల్లుల్లి నూనెలో వేసి రోజుల తరబడి బయట ఉంచడం మాత్రం అసలు చేయకండి. పులుపు లేని చోట, గాలి తగలని నూనె అడుగున, ప్రాణం తీసే విషం పుట్టగలదు. వాసన చూసి కనిపెట్టలేరు.

సీసాలు చల్లగా ఉండటానికి తడి గుడ్డ చుట్టమని చాలామంది చెబుతారు. పొడిగాలి ఉన్న ఊళ్లలో అది పనిచేస్తుంది గానీ మన తూర్పు కనుమల్లో వానాకాలం ఆ గుడ్డే ఆరదు. తిండి సంచిని నీడలో, నేలకి ఎత్తుగా వేలాడదీయండి. ఈ కొండల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి, టెంట్‌లో మాత్రం తిండి పెట్టుకోకండి.

ఇంకోమాట. పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద మబ్బులు చూడ్డానికి వెళ్లిన ప్రతిసారీ రాళ్ల మధ్య చిరిగిన సాస్ ప్యాకెట్లు కనిపించి కడుపు రగులుతుంది. తిన్నాక ఆ ఖాళీవి జేబులో వేసుకుని దిగితే బరువేముంది? మేము దిగేటప్పుడు మా సీసాలతో పాటు ఎవరివో కూడా ఏరి సంచి నింపుకుని వస్తున్నాం.